ఫారో దీవులు చూడాలంటే ఆటల వారం దాకా ఆగకండి

2027 వేసవిలో ఐలాండ్ గేమ్స్, అంటే దీవుల జట్లు పోటీపడే ఆటలు, ఫారో దీవుల్లో జరుగుతాయని తెలిసినప్పటి నుంచి, చూడ్డానికి వెళ్లొచ్చా అని డెన్మార్క్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది నన్ను అడుగుతున్నారు. తప్పకుండా వెళ్లండి. కానీ నా మాట వింటే, ఆటలకు ముందే ఒకసారి నాలుగైదు రోజులు ఆ దీవులు తిరిగి రండి. అక్కడి జనాభా మొత్తం కలిపి 55 వేలు ఉంటుందేమో. ఆటల వారంలో క్రీడాకారులే వేలల్లో దిగుతారు. అప్పుడు గది కోసం, కారు కోసం వెతుక్కోవడంతోనే సరిపోతుంది, ఊరు చూసే తీరిక ఉండదు.

అన్నిటికంటే ముందు వీసా. ఫారో డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు, యూరోపియన్ యూనియన్‌లోనూ లేదు. అమ్మానాన్నలను షెంగెన్ వీసా మీద పిలిపించుకుంటే, ఆ స్టిక్కర్ మీద ఫారో దీవులకు కూడా చెల్లుతుందని విడిగా రాసి ఉండాలి. అప్లై చేసేటప్పుడే ఆ మాట అడగాలి. మీ రెసిడెన్స్ కార్డు సంగతి కూడా టికెట్ కొనకముందే ఇమ్మిగ్రేషన్ సర్వీస్‌ను ఈమెయిల్‌లో అడిగి, వాళ్ల జవాబు దగ్గర ఉంచుకోండి. మీ ఫోన్ ప్లాన్‌లోని యూరప్ రోమింగ్ అక్కడ పనిచేస్తుందో లేదో కూడా ముందే కనుక్కోండి.

కోపెన్‌హాగెన్ నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. డెన్మార్క్ ఉత్తర కొసన ఉన్న హిర్ట్‌షాల్స్ రేవు నుంచి ఓడ కూడా ఉంది గానీ, పిల్లలతో నేనైతే ఎక్కను. పొగమంచు పడితే విమానాలు ఆలస్యమవుతాయి, ఒక్కోసారి రద్దవుతాయి. అందుకే తిరిగొచ్చిన మర్నాడే హైదరాబాద్ ఫ్లైట్ పెట్టుకోకండి, ఆ టెన్షన్ మనకెందుకు? నడి వేసవిలోనూ 11, 12 డిగ్రీలే ఉంటుంది. ఆ గాలికి గొడుగు నిలవదు, మంచి రెయిన్ జాకెట్ కొనుక్కోండి. అద్దె కారు తలుపు తీసేటప్పుడు గట్టిగా పట్టుకోండి. గాలికి తలుపు విరిగితే చాలా ఇన్సూరెన్సులు డబ్బు కట్టవు. జూన్ రాత్రుల్లో పూర్తిగా చీకటి పడదు కాబట్టి కళ్లకు కట్టుకునే మాస్క్ ఒకటి పెట్టుకోండి.

కొండలు చూడగానే ఎక్కేయాలనిపిస్తుంది. ఎవరిదీ కాని బంజరులా కనిపించినా, ఆ పచ్చికకు యజమానులు ఉన్నారు. అక్కడ మనుషుల కంటే గొర్రెలే ఎక్కువ. కొన్ని దారులకు ఫీజు ఉంటుంది, కట్టి వెళ్లండి. గేటు తీస్తే మళ్లీ వేయండి. పొగమంచు కమ్మిందంటే దారి కనిపించదు, అంచున నిట్టనిలువు కొండచరియలు. ఫొటో కోసం అటు వెళ్లొద్దని మరీ మరీ చెబుతున్నాను.

ఇక ఆటలు. 1985లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో మొదలైన ఈ పోటీలు రెండేళ్లకోసారి జరుగుతాయి, 1989లో ఫారోనే ఆతిథ్యమిచ్చింది. ఒలింపిక్స్‌లో ఫారో వాళ్లు డెన్మార్క్ జెండా కింద ఆడాలి. ఇక్కడ మాత్రం సొంత జెండా. అందుకే వాళ్లకు ఇది అంత పెద్ద పండుగ. ఫుట్‌బాల్‌లో 1990 సెప్టెంబర్ 12న ఆస్ట్రియాను 1-0తో ఓడించారు. యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) క్వాలిఫయర్స్‌లో వాళ్లకు అదే మొదటి మ్యాచ్. సొంత దీవుల్లో పచ్చిక మైదానం లేక, స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో ఆడారు. గోల్‌కీపర్ యెన్స్ మార్టిన్ క్నుడ్సెన్ ఊలు టోపీతో ఆడిన సంగతి అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. ఇది తెలిసి వెళితే మైదానంలో వాళ్ల కేకలకు అర్థం తెలుస్తుంది.

రాజధాని టోర్షావ్న్‌లో ఎర్ర సిటీ బస్సులు ఉచితం, ఊరు తిరగడానికి అవి చాలు. స్ట్రేమోయ్, ఐస్టురోయ్ దీవుల మధ్య 2020లో తెరిచిన సొరంగంలో, సముద్రం అడుగున రౌండ్‌అబౌట్ ఉంది. పిల్లలకు తప్పక చూపించండి. బుకింగ్ చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. వాగార్ అంటే విమానాశ్రయం ఉన్న దీవి. వాగుర్ అంటే సుదురోయ్ దీవిలోని ఊరు, టోర్షావ్న్ నుంచి రెండు గంటలు ఫెర్రీలో వెళ్లి, దిగాక ఇంకా రోడ్డు మీద వెళ్లాలి. ఈ వాగురే ఈతగాడు పాల్ యోన్సన్ సొంత ఊరు. చిన్న కొలనులో ఈత నేర్చుకుని 2010 యూరోపియన్ పోటీల్లో రజతం గెలిచాడు. తర్వాత ఆ ఊరివాళ్లు 50 మీటర్ల కొలను కట్టి అతని పేరే పెట్టుకున్నారు. ముందుగా వెళ్లినప్పుడు ఒక రోజు దానికోసం ఉంచండి. తిరుగు ఫెర్రీ టైము చూసుకుని బయల్దేరండి.