కార్లు షెడ్డులో, నగలు బ్యాంకులో

ప్రశ్న: నా వయసు 44. అనంతపురంలో బోరు మోటార్లు, పైపుల దుకాణం నడుపుతున్నాను. దుకాణం ఖర్చులు పోను నెలకు సగటున 90 వేలు మిగులుతుంది. ఎండాకాలంలో ఎక్కువ, వానలు పడితే తక్కువ. చిన్నప్పటి నుంచీ పాత కార్లంటే పిచ్చి. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది లోపల నాలుగు కొన్నాను: 1971 అంబాసిడర్ మార్క్ 2, 1970 ఫియట్ 1100, 1993 కాంటెస్సా, 1985 మారుతి 800. కొనడానికి 8 లక్షలయింది. రిపేర్లు, పెయింటు, టైర్లు, షెడ్డు అద్దె, పెట్రోలు కలిపి ఏడాదిలో ఇంకో 4.54 లక్షలు. ఇందుకోసం 3.5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ మధ్యలోనే తీసేశాను. మా ఆవిడ నగల మీద 11 శాతానికి 6 లక్షల గోల్డ్ లోన్, 15 శాతానికి 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. దాని ఈఎంఐ నెలకు 10,400. జనవరిలో మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు చేతిలో డబ్బు లేక పక్క షాపాయన దగ్గర 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఇప్పుడు హిందూపురంలో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారు 4 లక్షలకు వస్తోంది. బంగారం రేటు పెరిగింది కాబట్టి అవే నగల మీద ఇంకో 4 లక్షలు ఇస్తామంటున్నారు. నా కార్లు 16 లక్షలకు పోతాయని బెంగళూరు మిత్రులు చెబుతున్నారు. పాత కార్లను పెట్టుబడిగా చూడొచ్చా? ఈ లోన్ తీసుకోవచ్చా?
– అనంతపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: లోన్ తీసుకోకండి. హెరాల్డ్ వద్దని హిందూపురానికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పేయండి. తర్వాత తీరిగ్గా మిగతాది చదవండి.

మీ ఉత్తరం ఎంచుకున్నది కార్ల మీద మోజుతో కాదు. మీది కార్ల కథ. మరొకరిది ఊరి బయట కొన్న ప్లాటు, ఇంకొకరిది కోడలి పేరిట తీసుకున్న పట్టుచీరల సరుకు. వస్తువు మారుతుంది కానీ పొరపాటు మారదు. అవసరానికి దాచుకున్న డబ్బు తీసి, ఒక్క రోజులో డబ్బుగా మారని దాంట్లో పెడతారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికో ఏదో అవుతుంది. అప్పుడు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతారు.

మీ విషయంలో జరిగింది తేదీలవారీగా చూడండి. డిపాజిట్ తీసింది ఫియట్ కొనడానికి, అంబాసిడర్‌కు డెంటింగ్, పెయింటింగ్ చేయించడానికి. ఆ రెండు పనులూ దసరాకల్లా అయిపోయాయి. జనవరిలో అమ్మ పడ్డారు. ఆపరేషన్‌కు ముందు లక్షన్నర కట్టమన్నారు. ఆ రాత్రి మీ షెడ్డులో పన్నెండు లక్షలు పోసిన కార్లు నాలుగున్నాయి, జేబులో పద్దెనిమిది వేలున్నాయి. ఇది నేను కల్పించింది కాదు, మీరు జతచేసిన లెక్కల కాగితంలో మీ చేత్తోనే రాశారు. ఏడు శాతం దరిదాపుల్లో వడ్డీ వచ్చే డబ్బు మీదే ఉండేది. దాన్ని ఖర్చు పెట్టి, ఇరవై నాలుగు శాతానికి ఎదుటివాళ్ల డబ్బు తెచ్చుకున్నారు. రెండు రూపాయలంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది. నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఇప్పటికీ నెలకు 4,000 ఆ షాపాయన గల్లాపెట్టెలో పడుతున్నాయి, అసలు మాత్రం రూపాయి తగ్గలేదు.

అదే వారం కాంటెస్సా అమ్మబోయారు కదా. ధర్మవరం నుంచి వచ్చినాయన బానెట్ ఎత్తి చూశాడు, 1.40 లక్షలన్నాడు. మీకు పడింది కొన్న ధర 2.60, బ్రేకులు, రేడియేటర్, ఏసీ కలిపి మరో 85 వేలు. సరే, గతిలేక ఇచ్చేద్దామనుకుంటే ఆయన ఆర్‌సీ అడిగాడు. ఆర్‌సీ ఇంకా బెంగళూరు ఓనరు పేరు మీదే ఉంది, కర్ణాటక ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీయలేదు. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. మీ మిత్రులు చెప్పే 16 లక్షల్లో ఈ కాంటెస్సా ఎంతకు లెక్కవేశారో అడిగి చూడండి. కాగితాలు లేని కారుకు మాటల్లో ఎంత ధరైనా పలుకుతుంది. ఇంకో సంగతి. వేరే రాష్ట్రం నంబరు బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. మీకు ఆ గడువు దగ్గరపడింది.

పెట్టుబడా కాదా అన్నదానికి మీ కాగితమే జవాబు చెబుతుంది. కొనుగోలు, ఏడాది ఖర్చు కలిపి 12.54 లక్షలు. కార్ల కోసం తెచ్చిన రెండు లోన్లకు మొదటి ఏడాది వడ్డీ సుమారు 1.05 లక్షలు. అంటే ఇప్పటికే 13.59 లక్షలు పడింది. బండ్లు కదల్చకపోయినా షెడ్డు, బ్యాటరీలు, వడ్డీ వచ్చే ఏడాదీ ఇలాగే నడుస్తాయి. మీరు నాలుగు కార్లూ కలిపి తిరిగింది 2,800 కిలోమీటర్లు. ఏడాది ఖర్చును దానితో భాగిస్తే కిలోమీటరుకు 162 రూపాయలు, వడ్డీ కలపకుండానే. ఆ రేటుకు తాడిపత్రి దాకా వెళ్లొస్తే ఎంతవుతుందో మీరే వేసుకోండి. నాకు వేయాలంటే భయంగా ఉంది.

పాత కార్లకు ధర పెరగదని అనడం లేదు. తక్కువ సంఖ్యలో వచ్చినవి, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోయేవి, విడిభాగాలు మారనివి పెరుగుతాయి. కానీ అంబాసిడర్ ఉత్తరపార ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది. ఫియట్, ఆ తర్వాత పద్మిని పేరుతో ముంబయి ట్యాక్సీల్లో తరాల తరబడి తిరిగింది. ఇవి మన జ్ఞాపకాల్లో అపురూపం, మార్కెట్లో కాదు. హెరాల్డ్ కాస్త అరుదే. అరుదు కాబట్టే దాని సామాన్ల కోసం బెంగళూరు జేసీ రోడ్డు, ఢిల్లీ కశ్మీరీ గేటు చుట్టూ తిరగాలి. మద్రాసులో దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి దశాబ్దాలయింది. ఒక గేరు పళ్లు పోతే నెలల తరబడి షెడ్డులోనే నిలబడుతుంది.

మీ మోజు నాకు అర్థం కాకపోలేదు. మా మేనమామకు ఒక అంబాసిడర్ ఉండేది. మే నెలలో గుత్తి రోడ్డు మీద పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోయేది. ఆయన దిగి, చెంబులో నీళ్లతో తువ్వాలు తడిపి పెట్రోలు పంపు మీద చుట్టి, వేపచెట్టు కింద బీడీ వెలిగించేవాడు. బీడీ అయ్యేసరికి బండి స్టార్టయ్యేది. అనంతపురం పొడి గాలికి రేకు త్వరగా తుప్పు పట్టదు. బీడింగులు, హోసులు మాత్రం ఎండకు పగులుతాయి. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆ కాలం రబ్బరు దీనికోసం తయారైంది కాదు. కాబట్టి హోసులు మార్చడానికి ఏటా కొంత పక్కన పెట్టుకోక తప్పదు. కార్లు ఉంచుకునే మనిషికి ఇవన్నీ మామూలు ఖర్చులే. అప్పు తెచ్చి ఉంచుకునే మనిషికే ఇవి గుదిబండలు.

ఇప్పుడు బంగారం సంగతి. రేటు పెరిగింది కాబట్టి అవే నగల మీద ఇంకో నాలుగు లక్షలు అన్నారు. ఈ మధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఇదే. మీ నగల విలువ పెరిగితే అది మీ ఆవిడకు దొరికిన భరోసా, మీకు దొరికిన అప్పు పరిమితి కాదు. ఎక్కువ రేటు దగ్గర అంచుదాకా అప్పు తీసుకున్నాక రేటు దిగిందనుకోండి, తేడా కట్టమని నోటీసు వస్తుంది. కట్టలేకపోతే వేలం వేస్తారు. వానాకాలంలో, మోటార్లు అమ్ముడుపోని నెలల్లో ఆ నోటీసు వస్తే ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ పక్క షాపాయనేనా? రెండేళ్లలో విడిపిస్తానని మీ ఆవిడకు మాటిచ్చానని రాశారు. ఏడాది గడిచింది. నెలకు 5,500 వడ్డీ కడుతున్నారు, ఒక్క గాజు కూడా ఇంటికి రాలేదు. ఇప్పుడు అప్పు పది లక్షలు చేద్దామంటున్నారు.

నేను ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతున్నాను. విసుగనిపించినా వినండి. ముందు అత్యవసర నిధి. మీ ఇంటి ఖర్చు 42 వేలు, మూడు అప్పులకు 19,900, అంతా కలిపి నెలకు 62 వేలు. ఆరు నెలలకు 3.72 లక్షలు. మీరు తీసేసిన డిపాజిట్ దాదాపు అంతే కావడం చూస్తే నాకు కడుపు మండుతోంది. నెల జీతం వచ్చే ఉద్యోగికి నాలుగు నెలలది చాలునేమో, బోర్ల సీజన్ మీద బతికే మీకు ఆరు నెలలకు పైసా తగ్గకూడదు. షాపులో సరుకుంది కదా అని రాశారు. అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఐదు హెచ్‌పీ మోటారు పెట్టి రసీదు ఇమ్మంటారా? సరుకు వ్యాపారానిది, నిధి ఇంటిది. రెండింటికీ వేరు వేరు ఖాతాలు తెరవండి. ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో, మిగతాది ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్‌లో ఉంచండి. ఈ సొమ్ముకు రాబడి ఎంత అని అడక్కండి.

ఎలా కూడబెట్టాలంటే, ముందు మారుతి అమ్మండి. మన నంబరే, ఆర్‌సీ మీ పేరు మీదే ఉంది, చూడటానికి జనం వస్తారు. లక్షా ఇరవై వచ్చినా చాలు, బేరం చేస్తూ కూర్చోవద్దు. ఆ డబ్బు, మూడు నెలల మిగులు కలిపి పక్క షాపాయన అప్పు తీర్చేయండి. ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని చించేయడం మరచిపోకండి. ఈలోగా కాంటెస్సాకు ఎన్‌ఓసీ తెప్పించి, పేరు మార్పించి, తొందరపడకుండా అమ్మండి. రెండు లక్షలకు అటూఇటూ వస్తే అదంతా నిధికే. ఆ తర్వాత నెలకు ఇరవై వేలు జమ చేస్తూ పోతే ఇంకో ఏడెనిమిది నెలల్లో నిధి నిండుతుంది. అప్పటిదాకా ఏ బండికీ కొత్త పెయింటు వద్దు. నిధి నిండాకే పర్సనల్ లోన్ తీర్చడం, ఆ తర్వాత నగలు విడిపించడం. వడ్డీ లెక్కలు చూసి ముందు లోన్లు తీర్చేయమని కొందరు చెబుతారు. వాళ్ల మాట కాగితం మీద సరైనదే. చేతిలో డబ్బు లేని రోజు ఎలా ఉంటుందో మీరు జనవరిలో చూశారు కాబట్టి మీకు నేను అలా చెప్పను.

అంబాసిడర్, ఫియట్ ఉంచుకోండి, నేను కాదనను. రెండూ 50 ఏళ్లు దాటినవి. అసలు రూపం చెడకుండా ఉంటే 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. రుసుము 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ రోడ్డెక్కడానికి లేదు, ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతుల వరకే. ఆదివారం షికార్లు కావాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకోండి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుము 2025 ఆగస్టు నుంచి 10 వేలయింది. అమ్మిన కార్ల మీద లాభమొస్తే పన్నుంటుందా అని కూడా అడిగారు. సొంతానికి వాడుకున్న కారైతే మూలధన లాభాల పన్ను ఉండదు, నష్టాన్ని చూపించుకోవడానికీ వీల్లేదు. కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే అది వ్యాపార ఆదాయం. అమ్మగారికి 72 అంటున్నారు, మీ ఫ్యామిలీ పాలసీలో ఆమె పేరు లేదు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు వెంటనే దరఖాస్తు చేయించండి.

చివరికి ఉంచిందే నాకు నిద్రపట్టనివ్వని విషయం. మీ జాబితాలో కాంటెస్సాకు, మారుతికే ఇన్సూరెన్స్ ఉంది. మిగతా రెండింటికి లేదు, 'ఆదివారాలే కదా నడిపేది' అని పక్కన రాశారు. అంబాసిడర్ పెయింటుకు 1.35 లక్షలు పెట్టారు. ఈ రెండు బండ్లూ 1000 నుంచి 1500 సీసీ మధ్యలోవే. 2022లో ఖరారైన రేటు ప్రకారం ఒక్కోదానికి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే బీమా) ప్రీమియం 3,416 రూపాయలు, రెండింటికీ 6,832, జీఎస్టీ అదనం. పట్టుబడితే జరిమానా మొదటిసారి రెండు వేలే, అది పెద్ద విషయం కాదు. యాభై ఏళ్ల నాటి డ్రమ్ బ్రేకులతో సుభాష్ రోడ్డులో ఒక స్కూటర్‌ను తగిలిస్తే? ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ వేసే మొత్తానికి పరిమితి లేదు. పాలసీ లేకపోతే అది మీ దుకాణం నుంచి, ఇంటి నుంచి వసూలవుతుంది. అప్పుడు ఈ నాలుగు కార్లూ అమ్మినా సరిపోకపోవచ్చు. థర్డ్ పార్టీ ముందు తీసుకోండి. కారు విలువను ఇద్దరూ ఒప్పుకొని రాసుకునే పూర్తి పాలసీ గురించి తర్వాత ఆలోచించవచ్చు.

వచ్చే ఆదివారం తాడిపత్రి వెళ్తున్నామని రాశారు. పాలసీ కాగితం చేతికి వచ్చేదాకా బస్సులో వెళ్లండి.