డై క్రాక్ అని అమ్మింది తీరా గీతయితే?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాత నాణేలు దాచుకోవడం నా సరదా. హైదరాబాద్ వ్యాపారి ఒకరు వాట్సాప్‌లో ఫొటో పెట్టి ‘1918 వెండి రూపాయి, డై క్రాక్ (నాణెం కొట్టే అచ్చు పగిలిన గుర్తు) ఉంది, అరుదైనది’ అంటే 38,000 పంపి కొరియర్‌లో తెప్పించుకున్నాను. మెరవాలని చింతపండుతో తోమాను. మొన్న మా కంసాలి చూసి అది ఉత్త గీత అన్నాడు. కొని 21 నెలలైంది. ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నాను. డై క్రాక్ అనే చెప్పి ఇంకెవరికైనా అమ్మేయనా?

జవాబు: ఇంట్లో గొడవ కేసుకు పనికిరాదు. ఆ వాట్సాప్ మెసేజ్ ఉందా, చెరిపేశారా? అదొక్కటే చెప్పండి. 1918 రూపాయి అరుదేం కాదు, మీరు డబ్బు పోసింది ‘డై క్రాక్’ అన్న మాటకు. ఫలానాదని చెప్పి అమ్మిన సరుకు అలాగే ఉండాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 15 అంటుంది.

టంకశాలలో డై పగిలితే ఆ పగులులోకి వెండి ఎక్కుతుంది, నాణెం మీద గీత ఉబ్బెత్తుగా పడుతుంది. తర్వాత గీసుకున్నదైతే లోపలికి దిగి ఉంటుంది. లెన్స్ పెట్టి పక్క నుంచి టార్చ్ వేస్తే తెలిసిపోతుంది. అలాంటి నాణేన్ని చింతపండుతో తోమడమేమిటండీ? ఆ గీత మీరు తోమితే పడిందేనని వ్యాపారి వాదిస్తాడు. మీరు చాట్ చెరిపేయకపోతే అతను పంపిన ఫొటో ఉంటుంది. అందులో అదే గీత అదే చోట కనిపిస్తే అతని వాదన నిలవదు. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ప్రింట్లతో పాటు, అవి ఆ ఫోన్‌లోంచి తీసినవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. నాణేన్ని ఇక ముట్టుకోకండి.

ఇంకొకరికి అంటగట్టే ఆలోచన ఇప్పుడే మానుకోండి. గీత అని తెలిసీ డై క్రాక్ అని అమ్మితే మోసం కేసులో, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద, ముద్దాయి మీరే.

సరదాకు కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడే. తిరిగి అమ్మే వ్యాపారానికైతే వినియోగదారుల కమిషన్ దారి ఉండేది కాదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. కంసాలి చెప్పిన రోజు నుంచి లెక్కేస్తారని ధీమా పడకండి, నాణెం చేతికొచ్చిన రోజు నుంచే లెక్కేసుకోండి. అంటే మీకు మిగిలింది మూడు నెలలు. ఈ వారమే స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపి 15 రోజులు చూడండి. డబ్బు రాకపోతే కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. వ్యాపారి హైదరాబాద్‌లో ఉన్నా మీరుండే జిల్లాలో వేయవచ్చు, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు.