బోర్డింగ్ పాస్ ఫోటో బంధువుల గ్రూపులో పెట్టకండి

ప్రశ్న: మా అమ్మానాన్నలు మొదటిసారి హైదరాబాద్ నుంచి డాలస్ వస్తున్నారు, దోహాలో విమానం మారాలి. వాళ్ల ఫోన్లలో ముందుగా ఏమేం సిద్ధం చేయాలి? డిజియాత్ర పెట్టించాలా? బోర్డింగ్ పాస్‌లు బంధువుల వాట్సాప్ గ్రూపులో ఉంచితే ఎవరైనా సాయపడతారని అనుకుంటున్నాను.

జవాబు: ముఖాన్నే గుర్తింపుగా చూపి విమానాశ్రయంలోకి వెళ్లనిచ్చే డిజియాత్ర యాప్ దేశం లోపలి విమానాల్లో తిరిగేవారి కోసం వచ్చినది, మీ వాళ్లకు పాస్‌పోర్టే గుర్తింపు. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ పెట్టెలో వేయకూడదు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లే కాబట్టి విమానంలో అనుమతించే 100 వాట్ అవర్ల పరిమితికి లోబడే ఉంటుంది.

నన్ను కలవరపెట్టింది మీ చివరి మాట. ఈ ఆలోచనతో ఉత్తరాలు ప్రతి వేసవిలోనూ వస్తూనే ఉన్నాయి. బోర్డింగ్ పాస్ మీది బార్‌కోడ్ రహస్య లిపి కాదు. దానిలో ప్రయాణికుడి పేరు, ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ (బుకింగ్ కోడ్), విమానం నంబరు, తేదీ, సీటు ఎవరైనా చదవగలిగే రూపంలోనే ఉంటాయి. కాబట్టి ఫోటోలో పీఎన్‌ఆర్ మీద వేలు అడ్డుపెట్టి బార్‌కోడ్‌ను వదిలేస్తే ఏమీ దాచినట్టు కాదు. చాలా విమాన సంస్థల వెబ్‌సైట్లలో ఇంటిపేరు, పీఎన్‌ఆర్ ఇస్తే చాలు, బుకింగ్ తెరుచుకుంటుంది. తిరుగు టికెట్ కూడా అదే పీఎన్‌ఆర్ మీద ఉంటే దానిని కూడా మార్చే వీలు కొన్నిచోట్ల ఉంటుంది. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ 2020లో బోర్డింగ్ పాస్ ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టగా, ఒక యువకుడు దాని ఆధారంగా ఆయన పాస్‌పోర్ట్ నంబరు వరకూ చేరుకోగలిగాడు. యాభై మంది ఉన్న గ్రూపులో ఎవరు దేనిని ఎక్కడికి ఫార్వర్డ్ చేస్తారో మీరు కాపలా కాయలేరు. విమానం నంబరు, బయలుదేరే సమయం పెడితే సరిపోతుంది, విమానం ఎక్కడుందో దానితోనే అందరూ చూసుకోవచ్చు. ప్రయాణం అయ్యాక పాస్‌లను, పెట్టెలకు అంటించిన చీటీలను చింపి పారేయమనండి.

అయినా ఆరు అక్షరాలనూ ఇంటిపేరునూ తాళంచెవిగా పెట్టి, ఆ తాళంచెవినే కాగితం మీద అచ్చువేసి చేతికిచ్చే పద్ధతిని ఇన్నేళ్లయినా మార్చకపోవడం విమాన సంస్థల బాధ్యతారాహిత్యమే. వాటి యాప్‌ల తీరు ఇంకా అన్యాయం. ప్రయాణికుడికి ఒక్క నిమిషం కూడా తీరిక లేని చోట, సరిగ్గా గేటు దగ్గర, కొత్త వెర్షన్ వేసుకోమంటాయి, లేదా లాగౌట్ చేసి ఓటీపీ అడుగుతాయి. దోహాలో భారతీయ సిమ్‌కు రోమింగ్ లేకపోతే ఆ ఓటీపీ రాదు. వెనుక వరుస కదలమంటుంటే, అరవై దాటిన మనిషి తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తును చూస్తూ నిలబడాల్సి వస్తుంది.

అందుకే బయలుదేరే ముందు రోజే రోమింగ్ ఆన్ చేయించి, యాప్ అప్‌డేట్ చేయించి, బోర్డింగ్ పాస్‌ను పీడీఎఫ్‌గా ఫోన్‌లో భద్రపరచండి. కాగితం మీద రెండేసి ప్రతులు తీయించి, ఒకటి అమ్మగారి చేతిసంచిలో, ఒకటి నాన్నగారి చొక్కా జేబులో పెట్టించండి. ఆ కాగితం వెనుక మీ అమెరికా నంబరును దేశం కోడ్ +1తో సహా పెద్ద అంకెలతో రాయించండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా పక్కవారి ఫోన్ నుంచి మీకు కాల్ చేయగలుగుతారు.