చిల్లచెట్ల పొలం బాగుచేయడానికి వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా?

హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో ఆయన తండ్రిగారి పేరిట నాలుగు ఎకరాల మెట్ట ఉంది. బోరు ఎండిపోయాక పదేళ్లుగా సాగు లేక పొలమంతా చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) అల్లుకున్నాయి. శుభ్రం చేయించడానికి 1.80 లక్షలు, కంచెకు 1.20 లక్షలు అవుతాయని గుత్తేదారు చెప్పాడట. ఆయన ఇంటి ఖర్చు నెలకు 45 వేలు, బ్యాంకు డిపాజిట్‌లో 4 లక్షలు ఉన్నాయి. డిపాజిట్ కదపకుండా 13 శాతం వడ్డీకి 3 లక్షల వ్యక్తిగత రుణం తీసుకుని ఈ వేసవిలోనే పని పూర్తి చేయాలనుకుంటున్నారు.

తండ్రిగారి భూమిని మళ్లీ సాగులోకి తేవాలన్న మీ సంకల్పం మంచిది, అది నెరవేరాలనే నేనూ కోరుకుంటున్నాను. అయితే ఈ రుణం మాత్రం తీసుకోవద్దు. మూడేళ్ల గడువుకు నెలకు దాదాపు 10,100 రూపాయల వాయిదా పడుతుంది, వడ్డీ రూపంలోనే సుమారు 64 వేలు పోతుంది. నీటి వసతి లేని మెట్ట పొలం మొదటి రెండేళ్లలో ఆ వాయిదాలకు సరిపడా రాబడి ఇస్తుందని ఆశించలేము.

వడ్డీకంటే ముఖ్యమైన కారణం ఆ చెట్టు స్వభావంలోనే ఉంది. 1870లలో కడప ప్రాంతంలో వంటచెరకు కోసం ప్రభుత్వమే తెప్పించి నాటించిన ఈ సర్కారు తుమ్మ, నేల మట్టానికి నరికితే మొదలు నుంచి మరిన్ని కొమ్మలతో లేస్తుంది. మేకలు, పశువులు తిన్న కాయల్లోని గింజలు పేడతో పొలమంతా చేరి, మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి, వాన పడ్డప్పుడల్లా మొలుస్తుంటాయి. కాబట్టి శుభ్రం చేయించే ఖర్చు ఒక్కసారితో తీరేది కాదు. నాలుగు ఎకరాలూ ఒకేసారి తవ్వించి, అందులో ఒకటిన్నర ఎకరమే దున్ని విత్తగలిగితే, మిగిలిన రెండున్నర ఎకరాల మీద పెట్టిన డబ్బు రెండు వానాకాలాల్లోనే మళ్లీ కంపగా మారుతుంది. ఈ ఏడాది ఎంత నేలలో విత్తనం వేయగలరో అంత నేలనే ఈ ఏడాది బాగుచేయించండి.

మీ ఆరు నెలల ఇంటి ఖర్చు 2.70 లక్షలు. దాన్ని అత్యవసర నిధిగా వదిలేస్తే డిపాజిట్‌లో మీరు వాడుకోగలిగింది 1.30 లక్షలు. గడువుకు ముందే తీసినందుకు బ్యాంకు వడ్డీని కొంత తగ్గించినా, 13 శాతం రుణంతో పోలిస్తే ఆ నష్టం స్వల్పం. గుత్తేదారు చెప్పిన లెక్కన ఎకరాకు 45 వేలు కాబట్టి ఒకటిన్నర ఎకరానికి 67,500 అవుతుంది. మిగిలిన 62,500లో సగాన్ని దుక్కికి, కంది వంటి వర్షాధార పంట విత్తనాలకు, కూలికి కేటాయించి, మిగతా సగాన్ని వచ్చే ఏడాది లేచే పిలకలను తవ్వించడానికి ముట్టుకోకుండా ఉంచండి. కంచె సంగతి ఒక పంట చేతికి వచ్చాక ఆలోచించవచ్చు. ఈలోగా కొట్టిన ముళ్ల కంపనే గట్ల వెంట దడిగా వేయించుకోండి.

యంత్రం పొలంలోకి దిగకముందే హద్దులు తేలాలి. పదేళ్లు బీడుపడిన భూమిలో గట్లు చెరిగిపోయి ఉంటాయి, పక్క రైతు పొలంలోకి రెండడుగులు జరిగి తవ్వినా తగాదా తప్పదు. కాబట్టి భూమి ఎవరి పేరిట ఉందో చెప్పే 1బి, సాగు వివరాలుండే అడంగల్ సరిచూసుకుని, గ్రామ సచివాలయంలో సర్వేకు దరఖాస్తు చేసి, సర్వేయర్ చేత రాళ్లు పాతించండి. పొలంలో వేప, చింత వంటి చెట్లు ఉంటే వాటిని ఉంచేయడమే మేలు. తీయక తప్పకపోతే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి గురించి అక్కడే అడగండి.

గుత్తేదారుతో ఒప్పందం కాగితం మీద ఉండాలి. గంటల లెక్కన ఇస్తే పనిని సాగదీస్తారు, మొత్తంగా గుత్తకు ఇస్తే మొదళ్లు నేలలోనే మిగులుతాయి. గుత్తకే ఇచ్చి, ప్రతి మొదలునూ అడుగు లోతు వరకు వేరుతో సహా పెకలించాలని, పైమట్టిని కుప్పల్లోకి నెట్టకూడదని రాయించి, అయిదో వంతు సొమ్మును తొలకరి తర్వాత పిలకలు చూశాకే ఇస్తానని చెప్పండి. కలపను ఆయనే తీసుకెళ్తానన్నారేమో చూడండి, మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. ఈ కర్రకు బొగ్గు బట్టీల వద్ద గిరాకీ ఉంటుంది కాబట్టి వేరుగా బేరం పెట్టి ఆ ధరను గుత్తలో తగ్గించుకోండి. కర్ర ముందుగా కొట్టేవారిని మాత్రం నడుమెత్తు మోడు వదలమనండి. యంత్రానికి ఆ పట్టు దొరికితేనే వేరు కదులుతుంది. ఈ కలప సొమ్మును పన్ను లేని వ్యవసాయ ఆదాయంగా చూపవద్దు. మనిషి ప్రమేయం లేకుండా దానంతట అదే పెరిగిన చెట్ల అమ్మకంపై వచ్చేది వ్యవసాయ ఆదాయం కాదని సుప్రీంకోర్టు 1957లోనే రాజా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో తేల్చింది. తండ్రిగారి రిటర్నులో దాన్ని ఎలా చూపాలో ఆడిటర్‌ను అడగండి.

మిగిలిన రెండున్నర ఎకరాలకు మరో దారి ఉంది. ఊళ్లో సేద్యం చేసేవారెవరైనా తమ ఖర్చుతో కంప తీసుకుని సాగు చేసుకుంటే, రెండు మూడేళ్లు కౌలు వద్దని మాట్లాడుకోవచ్చు. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది, దాని కింద కౌలు రైతుకు ఇచ్చే కార్డు 11 నెలలకే చెల్లుతుంది, మీ యాజమాన్యానికి భంగం కలగదు. అయినా ఏటా కొత్త కాగితం రాసుకోండి.

పని దగ్గర నాన్నగారే నిలబడతారని రాశారు. కంప పొదల్లో రక్తపింజర్లు ఉంటాయి. ఆయనకు 70 ఏళ్లు దాటకపోతే, బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో యంత్రం రాకముందే చేర్పించండి. పాముకాటు మరణం కూడా ఆ బీమా కిందికి వస్తుంది, అయితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు రికార్డు ఉండాలి. కూలీలు కూడా ఆ బీమాలో ఉన్నారో లేదో మొదటి రోజే అడిగి, లేనివారి 20 రూపాయలు మీరే కట్టండి.