ఈ-రీడర్ కొంటే పుస్తకాల ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 28. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 40,000. పుస్తకాలకు నెలకు 1,200 అవుతోంది. పోయిన నెల మూడు తెలుగువి, 600 పెట్టి రెండు ఇంగ్లిష్‌వి కొన్నాను. ఆ రెండూ ఈ-బుక్స్‌గా 400కే వస్తున్నాయి. 15,000 ఈ-రీడర్‌ని క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా? కార్డులో 38,000 బాకీ ఉంది, నెలకు మినిమం 1,900 కడుతున్నాను. ఈమధ్యే ఇంటికి పంపే డబ్బు తగ్గడంతో నెలకు 6,000 మిగులుతోంది. బ్యాంకులో 9,000 ఉంది.

జవాబు: తీసుకోవద్దు. ఆదా పేరుతో అప్పు చేసేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను.

ముందు కార్డు సంగతి. వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకున్నా 38,000 మీద 1,330, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 1,570 దాకా అవుతుంది. మీరు కడుతున్న 1,900లో అసలుకు పోయేది 330 మాత్రమే. మీ పుస్తకాల ఖర్చు కంటే ఆ వడ్డీయే ఎక్కువ! పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ సాధారణంగా తప్పవు. ఇలాంటి కార్డు మీద ఇంకో ఈఎంఐ ఆలోచన ఎలా వచ్చిందండీ?

ఇక ఆదా. మీ లెక్క ప్రకారమే మిగిలేది నెలకు 200. 15,000 తిరిగి రావడానికి 75 నెలలు, అంటే ఆరేళ్ల పైమాట. అప్పటికి బ్యాటరీ ఎలా ఉంటుందో! 2016లో అమెజాన్ ఈ-రీడర్ కిండిల్ ఐదు భారతీయ భాషల్లో పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు అందులో తెలుగు లేదు. మీ తెలుగు పుస్తకాల్లో ఎన్ని ఈ-బుక్స్‌గా దొరుకుతాయో చూసుకున్నారా? చదివేసిన అచ్చు పుస్తకాన్ని అమ్ముకోవచ్చు, ఈ-బుక్‌కు ఆ వీలు లేదు. కొన్నాళ్లు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడండి.

నన్ను భయపెడుతున్నది ఆ 9,000. కార్డు, పుస్తకాలు పక్కన పెట్టినా మీ నెల ఖర్చు 30,900. ఉద్యోగం పోతే తొమ్మిది రోజులు కూడా గడవదు. జ్వరంతో ఒక్క రాత్రి ఆస్పత్రిలో ఉంటే మళ్లీ అదే కార్డు గీకుతారు. ఆరు నెలల ఖర్చు, అంటే 1,85,000 పక్కన ఉండాలి. అది పోగయ్యేదాకా కొత్త ఈఎంఐ ఏదైనా సరే నా జవాబు వద్దనే. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉన్నారో లేదో కూడా ఈ వారమే కనుక్కోండి.

మిగిలే 6,000, మినిమం 1,900, పుస్తకాల 1,200 కలిపితే 9,100. కార్డుతో ఇంకేమీ కొనకుండా నెలనెలా అంతా బాకీకే కడితే అయిదో నెలలో అది తీరిపోతుంది. తర్వాత పుస్తకాలు మళ్లీ కొనుక్కుంటూ 7,900 వేరే ఖాతాలో వేస్తే, ఇప్పుడున్న 9,000తో కలిపి పదకొండు నెలలకు మూడు నెలల ఖర్చు చేరుతుంది, అలాగే ఆరు దాకా తీసుకెళ్లండి. ఈ నెల జీతం పడిన రోజే మొదటి 9,100 కట్టేయండి.