నా కూతురికి పని రావట్లేదా, నేర్పేవాళ్లు లేరా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఏడాదిన్నర కిందట కార్ల విడిభాగాల కంపెనీలో చేరింది. కాలేజీలో ప్రతి ప్రాజెక్టులోనూ ముందుండేది. ఇప్పుడు కంపెనీ ఇంజిన్ భాగాలు తగ్గించి ఎలక్ట్రిక్ వాహనాల వైపు మళ్లుతోంది. తను మాత్రం "నాకేమీ రావట్లేదు నాన్నా" అంటోంది. బ్యాటరీల మీద కోర్సు చేయించనా, ఉద్యోగం మాన్పించనా?

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దామండి. ముందు అమ్మాయిని ఒక్క మాట అడగండి: తెలియనిది ఎదురైతే ఆఫీసులో ఎవరిని అడుగుతోంది? "ఎవర్నీ అడగను" అంటే చిక్కు ఎక్కడుందో సగం తెలిసినట్టే.

ఆమె రంగంలోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. పనికి ఎగ్గొట్టేవాళ్లు, రోజూ గొడవలు, నాసిరకం కార్లు. 1982లో మూసేశారు. 1984లో టొయోటాతో కలిసి నుమ్మి పేరుతో మళ్లీ తెరిచారు. పనిలోకి తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పాతవాళ్లే! కానీ ఈసారి లోపం కనిపిస్తే పక్కనే కట్టిన తాడు లాగి చెప్పమన్నారు. లాగగానే టీమ్ లీడర్ పరిగెత్తుకొచ్చి సాయం చేసేవాడు, అప్పటికీ తేలకపోతే కార్లు తయారయ్యే లైనే ఆపేసేవారు. అంతకుముందు లైన్ ఆపడమంటే పెద్ద నేరం. కొద్ది ఏళ్లలోనే ఆ ఫ్యాక్టరీ కార్లకు నాణ్యతలో మంచి పేరొచ్చింది. అదే పద్ధతిని జనరల్ మోటార్స్ తన మిగతా ఫ్యాక్టరీలకు తీసుకెళ్లబోతే అంత తేలిగ్గా అబ్బలేదు. తాడు కట్టడం ఎంతసేపు? లాగినవాణ్ని తిట్టకుండా ఉండటమే కష్టం.

మీ అమ్మాయి ఆఫీసులోనూ అడిగితే తిడతారన్న భయం ఉందేమో. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఇరవై ఏళ్లుగా ఇంజిన్లతోనే గడిపిన సీనియర్లకు బ్యాటరీ కొత్త. "నాకూ తెలీదు, కలిసి చూద్దాం" అనే బాస్ ఉంటే జూనియర్లు కూడా ధైర్యంగా అడుగుతారు. తెలియదన్నది దాచుకునే బాస్ ఉంటే టీమంతా దాచుకోవడమే నేర్చుకుంటుంది. దీనికి చెడ్డవాడే కానక్కర్లేదు. అమ్మాయి గీసిన డ్రాయింగ్‌లో కొలత తప్పిందనుకోండి. రాత్రికి తనే దిద్ది పంపేసే బాస్ మంచివాడిలాగే కనిపిస్తాడు, పొద్దున్నకి పని అయిపోతుంది, ఆమెకు మాత్రం ఏమీ రాదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని "ఇక్కడ ఇంత గ్యాప్ ఎందుకిచ్చావు?" అని అడిగేవాడి దగ్గర అరగంట చాలు. కాస్త చెమట పడుతుంది, అంతే.

అందుకని వెంటనే మాన్పించొద్దు. ఒక నెల ఇలా చేయమనండి. సందేహం వస్తే "ఇది రావట్లేదు సార్" అని కాకుండా, తను ఏం ప్రయత్నించిందో, ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. బాస్‌కు తీరిక లేకపోతే టెస్టింగ్ విభాగంలోనో, భాగాలు తయారయ్యే షాప్ ఫ్లోర్‌లోనో అడగాలి. అక్కడివాళ్లు చేత్తో చేసి చూపిస్తారు. నెల తర్వాత కూడా విసుగే ఎదురైతే అదే కంపెనీలో వేరే టీమ్‌కు మార్చమని అడగడం మేలు.

ఇక కోర్సు. మెకానికల్ పని అయిపోయిందన్న భయం వద్దు. బ్యాటరీ ప్యాక్ వేడెక్కకుండా చూడటం, నీరు చొరకుండా మూయడం, గుద్దుకుంటే తట్టుకునేలా కట్టడం, అన్నీ ఆమె చదువులోవే. కోర్సు తీసుకుంటే ఇప్పుడు చేతిలో ఉన్న పనికి తగిలేదే తీసుకోమనండి. వాడని చదువు ఆర్నెల్లలో మర్చిపోతాం.

తప్పనిసరై వేరేచోట ఇంటర్వ్యూకు వెళ్తే జీతంతో పాటు ఇంకొకటి కూడా అడగమనండి: "ఈమధ్య మీ టీమ్‌లో జరిగిన పొరపాటు ఒకటి చెప్పండి, తర్వాత ఏం మార్చారు?" "మా దగ్గర పొరపాట్లు జరగవు" అంటే అక్కడికి వెళ్లొద్దు. అన్నట్టు, మీరు కూడా రోజూ రాత్రి అప్రైజల్ సంగతి తీయకండి. ఆ టెన్షన్ ఆఫీసులో ఉన్నది చాలు.