మిస్టర్ బీన్ సినిమాల్లో అమ్మకు ముందు ఏది చూపించాలి?

కందుకూరులో ఉన్న మీ అమ్మగారు, పిల్లలు టీవీలో మిస్టర్ బీన్ వస్తే కదలరని రాశారు. సినిమాలు రెండున్నాయి కదా, ఇంగ్లిష్ రానివాళ్లకు ఏది బాగుంటుంది, టీవీలో చిన్న చిన్న ముక్కలుగా నవ్వించినవాడు గంటన్నర నిలబడతాడా అని అడిగారు.

నిలబడతాడు. 2007లో వచ్చిన 'మిస్టర్ బీన్స్ హాలిడే' ముందు పెట్టండి. 1997 నాటి 'బీన్' తర్వాత చూడొచ్చు.

1990 జనవరి 1న మొదలైన ఆ టీవీ సీరీస్‌లో బీన్‌గా వేసిన రోవాన్ అట్కిన్సన్ దాదాపు మాట్లాడడు. పనంతా ముఖం, మెడ, మోకాళ్లే చేస్తాయి. మొదటి సినిమాలో అతన్ని లాస్ ఏంజెలెస్‌లో ఒకరింట్లో దింపారు. ఆ ఇంటాయన ఉద్యోగం, భార్యతో గొడవ, అన్నీ మాటల్లోనే నడుస్తాయి. చివర్లో బీన్ కూడా పెయింటింగుల గ్యాలరీలో ఉపన్యాసం ఇస్తాడు. పక్కన కూర్చుని ఒకరు చెబుతూ ఉండాల్సిందే.

రెండోదాంట్లో ఆ ఇబ్బంది లేదు. లాటరీలో గెలిచిన టికెట్‌తో ఫ్రాన్స్ వెళ్తాడు, అక్కడి భాష అతనికీ రాదు. అంటే అతనూ మనలాగే చూసి అర్థం చేసుకుంటుంటాడు. మా ఇంట్లో దీన్ని అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చేసే మా మామతో కలిసి చూశాం. ప్యారిస్ హోటల్లో బీన్ ముందు సముద్రపు తిండి పళ్లెం పెడతారు. రొయ్యల్లాంటివాటిని తలకాయతో సహా నోట్లో పెట్టుకుని కరకరలాడిస్తాడు. మామ సోఫాలోంచి లేచి "ఒలవకుండానే నమల్తా ఉండాడే!" అని ఒకటే నవ్వు. ఆల్చిప్పలు మింగుడుపడక, పక్కావిడ హ్యాండ్‌బ్యాగ్‌లోకి వాటిని జారవిడిచేటప్పుడైతే ఆయనకు ఊపిరాడలేదు. మన తీరం వాళ్లకు ఈ సీన్ ఇంకెవరికీ పట్టనంతగా పడుతుంది.

అయితే నాకు అంతకంటే ఇష్టమైంది సంత సీన్. చేతిలో డబ్బుల్లేక, తండ్రి నుంచి తప్పిపోయిన పిల్లాడితో కలిసి బీన్ ఆడవేషంలో ఒపెరా పాటకు పెదవులు కదుపుతాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిలా అతను ఏడుస్తుంటే నవ్వూ వస్తుంది, గొంతూ పట్టేస్తుంది. అట్కిన్సన్ ఎంత పెద్ద నటుడో అక్కడ తెలుస్తుంది.

మన 'అమృతం' సీరియల్ 2014లో సినిమాగా వచ్చినప్పుడు పాత్రలు అవే ఉన్నా ప్రధాన పాత్రల నటులు మారారు. నాకది వెలితిగానే అనిపించింది. బీన్‌కు ఆ వెలితి లేదు. పాత్ర, మనిషి ఒకటే.

'బీన్' పెట్టినప్పుడు మాత్రం ఒక్క పని చేయండి. 'విస్లర్స్ మదర్' అనే పెయింటింగ్ కనిపించేలోపు సినిమా ఆపి, కథలో దాన్ని కొనడానికి 5 కోట్ల డాలర్లు పెట్టారని అమ్మగారికి చెప్పండి. బీన్ దానిమీద తుమ్మి, సిరా అంటిన రుమాలుతో తుడుస్తాడు. ఖరీదు తెలిస్తేనే ఆ టెన్షన్, ఆ నవ్వు.